మన పేరు ఎక్కడుంది?

(2026 జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు మధురానగర్‌లో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





భారత ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. ఆ మరునాడే రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అంటే గణతంత్రం కంటె ఒక్క రోజు పెద్దది ఎన్నికల సంఘం. 2011 నుండి ఈ తేదీని జాతీయ ఓటర్ల దినోత్సవంగా పాటిస్తున్నాము. ఈ సందర్భంగా నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పండితుణ్ణి కాను. ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల నడుమ గడిపి సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎన్నికల విధులు పడినప్పుడల్లా పోలింగు కేంద్రాలలో కూర్చున్నవాణ్ణి. కనుక దస్త్రాల మనిషి చెప్పదగిన సంగతే చెబుతాను. అది ఓటర్ల జాబితాలో మన పేరు సంగతి.

మొన్న నవంబరు 11న మన జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగిన సంగతి మీకందరికీ తెలుసు. శాసనసభ్యులు మాగంటి గోపీనాథ్ గారు 2025 జూన్ 8న కన్నుమూయడంతో ఆ స్థానం ఖాళీ అయింది. పేరు వినగానే బయటివారికి కొండమీది బంగళాలు గుర్తుకు వస్తాయి గాని, ఈ నియోజకవర్గం బరువంతా యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, షేక్‌పేట, వెంగళరావునగర్ బస్తీలలోనే ఉన్నది. రాష్ట్రమంతా ఆ కొద్ది వారాలు మన వీధులనే చూసింది. మంత్రులు మన గల్లీలలో తిరిగారు, టీ కొట్ల దగ్గర నిలబడి టీ తాగారు.

పోలింగుకు రెండు రోజుల ముందు, నవంబరు 9వ తేదీ ఆదివారం ఉదయం, నేను జాబితా సంచిలో పెట్టుకొని కొన్ని ఇళ్ళు చూసివద్దామని బయలుదేరాను. ఎవరి పేరు ఏ వరుస సంఖ్యలో ఉన్నదో, ఏ గదిలో ఓటు వేయాలో చెప్పి రావడం నా ఉద్దేశం. ఆరేళ్ళ మా మనవరాలు తానూ వస్తానని చేయి పట్టుకున్నది. ఒకటో తరగతి పిల్ల. గుణింతాలు వచ్చేశాయి, ఒత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నాయి. ఆ వయసు పిల్లలతో నడిస్తే మీకు తెలుసుగదా, కంటబడ్డ ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతారు. కిరాణా కొట్టు, మందుల షాపు, టిఫిన్ సెంటరు, అన్నీ చదివింది. మెట్రో స్తంభాల దగ్గరకు వచ్చేసరికి, "దాదా, ఇక్కడ చదవడానికి ఏమీ లేదేమి? అంతకుముందు పెద్దపెద్ద బొమ్మలుండేవిగా?" అని అడిగింది.

"ఎలక్షన్ తేదీ చెప్పిన రోజు నుండి సర్కారు గోడల మీద, స్తంభాల మీద పార్టీల బొమ్మలు ఉండకూడదు తల్లీ, అది నియమం" అన్నాను. "ఎలక్షన్ అయిపోయాక?" అన్నది. దానికి నవ్వు తప్ప నా దగ్గర జవాబు లేకపోయింది. అక్టోబరు 6న షెడ్యూలు వెలువడినప్పటి నుండి అమలులో ఉన్న ఆ నియమావళిని ఆరేళ్ళ పిల్ల కూడా గమనించిందంటే, పిల్లలు మన వీధిని మనకంటె శ్రద్ధగా చదువుతారని అర్థం.

ఇంతలో డప్పులు మోగాయి. ఒక అభ్యర్థి ఊరేగింపు వస్తున్నది. ముందు మైకు కట్టిన ఆటోలు, వెనుక పైకప్పు లేని వాహనం, దాని వెంట కండువాలు కప్పుకున్న జనం, పైనుండి పూల వాన. మా మనవరాలు నా చేయి లాగి, "దాదా, ఇది షూటింగా?" అన్నది.

ఆ ప్రశ్నలో వింత లేదు. సారథీ స్టూడియో మనకు కూతవేటు దూరం. కృష్ణానగర్ వెళితే సినిమా కార్మికుల బస్తీ. తెల్లవారుజామున షూటింగు వాహనాల కోసం రోడ్డు పక్కన నిలబడిన జూనియర్ ఆర్టిస్టులను చూడని పిల్లలు మన పేటలో లేరు. "కాదు తల్లీ, ఇది ఎలక్షన్" అన్నాను. ఆ పిల్ల మైకు ఆటో మీద పేరు కూడబలుక్కొని చదివింది. పార్టీ పేరు చదివింది. ఆ తర్వాత వెనుక నడుస్తున్న వారిని చూపించి, "వీళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?" అన్నది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ అడిగింది: "మన పేరు ఎక్కడుంది?"

సోదరులారా, ఈ వేళ నేను మాట్లాడదలచిన ప్రశ్న అదే.

ఆ కొద్ది వారాలలో పత్రికలు, టీవీలు మన గురించి చాలా మాట్లాడాయి. ముస్లిం ఓట్లు ఇన్ని వేలు అన్నారు, అవి ఎటు మొగ్గితే గెలుపు అటే అన్నారు. 2023 డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో దాదాపు రెండేళ్ళు ఒక్క ముస్లిం కూడా లేరు. పోలింగుకు పదకొండు రోజుల ముందు, అక్టోబరు 31న, మహమ్మద్ అజహరుద్దీన్ గారు మంత్రిగా ప్రమాణం చేశారు. ఒక ముస్లింకు మంత్రి పదవి రావడం సంతోషించవలసిన విషయమే. కాని అది వచ్చిన వేళను బట్టి మనల్ని ఏ లెక్కలో చూస్తున్నారో గ్రహించడం కష్టం కాదు. ఆ లెక్కలో మనం ఒక మొత్తం. సినిమాలో గుంపు దృశ్యం వంటి మొత్తం. గుంపు లేనిదే ఆ దృశ్యం పండదు, అయినా గుంపులో నిలబడిన మనిషి పేరు తెర మీదికి రాదు. ఆ కష్టజీవులను తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. వారికి జరుగుతున్నదే మనకూ జరుగుతున్నదని అంటున్నాను.

అయితే మనం గుంపు కాకుండా మనుషులుగా నమోదైన చోటు ఒకటున్నది. అది ఓటర్ల జాబితా. నేను దాన్ని ఎన్నోసార్లు తిరగేశాను. అందులో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, స్త్రీ పురుష వివరం, గుర్తింపు కార్డు నంబరు ఉంటాయి. మతం గడి ఉండదు. కులం గడి ఉండదు. ఇది కాకతాళీయం కాదు. రాజ్యాంగం 325వ అధికరణం ప్రకారం ఒక్కో నియోజకవర్గానికి ఒక్కటే సాధారణ జాబితా. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ అందులో చేరకుండా ఆపరాదు, ఆ కారణంగా ప్రత్యేక జాబితాలో చేర్చమని ఎవరూ కోరరాదు. 326వ అధికరణం ప్రకారం వయోజనులందరికీ ఓటు. చదువు, ఆస్తి అడిగేది లేదు. ప్రచారంలో మనకు మతం తప్ప పేరు లేదు. జాబితాలో పేరు తప్ప మతం లేదు. ఈ తేడాను మన పిల్లలకు చెప్పగలిగితే పౌరశాస్త్రంలో సగం పాఠం చెప్పినట్లే.

అందుకే మా మనవరాలికి, "మన పేరు కూడా రాసి ఉంది తల్లీ. ఆటో మీద కాదు, ఈ సంచిలో" అని చెప్పి జాబితా తీసి చూపించాను. అప్పటి నుండి ఏ ఇంటికి వెళ్ళినా పేర్లు తానే చదువుతానని పట్టుబట్టింది.

మొదటి ఇంటిలో ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన ఒక పెద్దావిడ ఉన్నారు. వీధి వీధంతా ఆమెను కొడుకు పేరు చెప్పి ఫలానావారి అమ్మీ అంటుంది. పిల్ల వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఆమె పేరు పూర్తిగా చదివింది. ఆ పెద్దావిడ, "ఇంకోసారి చదువు బేటీ" అన్నారు. ఆ పేరుతో ఆమెను పిలిచేవారు ఇంటిలో ఎవరూ మిగలలేదట.

ఆ మాట విన్నప్పుడు నాకు మొదటి సార్వత్రిక ఎన్నికల చరిత్ర జ్ఞాపకం వచ్చింది. 1951-52 ఎన్నికలకు జాబితాలు తయారుచేసినప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో, లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి తల్లి, ఫలానావారి భార్య అని రాయించారు. పేరు లేని ఓటరును అంగీకరించబోమని నాటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు. సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు ఎక్కలేకపోయారు. ఆ నిర్ణయం కఠినమైనదే, కాని స్త్రీకి సొంత పేరున్నదని ఈ దేశపు ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పిన తొలి సందర్భాలలో అదొకటి. అదే ఎన్నికలలో మన హైదరాబాదు శాలిబండ నుండి మాసుమా బేగం గారు శాసనసభకు గెలిచారు. తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. పరదా చాటున ఉంటారని లోకం అనుకున్న సమాజం నుండి, ఓటు వచ్చిన తొలి ఎన్నికలోనే ఒక మహిళ సభలో అడుగుపెట్టారు. మన ఆడపిల్లలకు ఈ పేరు తెలియాలి.

రెండవ ఇల్లు అద్దె ఇల్లు. ఆ కుటుంబం నాలుగేళ్ళలో మూడు ఇళ్ళు మారింది. ఈ పేటలోని జాబితాలో వారి పేర్లు లేవు. పాత చిరునామాలో ఉన్నాయో, తీసివేశారో వారికి తెలియదు. దీని వెనుక కథ మీకు కొత్త కాదు. పేరు వినగానే "ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామండీ" అనే మాట మనలో ఎంతమంది వినలేదు? ముస్లింలకు అద్దె ఇళ్ళు దొరకడంలో ఉన్న ఇబ్బందిని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా ప్రస్తావించింది. ఇల్లు దొరకని కుటుంబం తరచు మారుతుంది. మారినప్పుడల్లా బూత్ స్థాయి అధికారి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంటుంది, పేరు ఎదుట "వెళ్ళిపోయారు" అని పడుతుంది. ఇల్లు ఇవ్వనన్నవాడు ఓటు తీసివేయలేదు, కాని ఓటు పోవడం అక్కడే మొదలైంది. ఈ గొలుసు మన చేతిలో తెగే చోటు ఒకటే. ఇల్లు మారిన వెంటనే ఫారం 8 నింపాలి. చిరునామా మార్పుకు, పేరులో తప్పుల సవరణకు అదే ఫారం.

మూడవ ఇంటిలో ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. డిగ్రీ పూర్తయింది, చేతిలో ఫోను ఉంది, అన్ని పార్టీల గురించీ అభిప్రాయాలున్నాయి. ఓటు మాత్రం లేదు. "ఇప్పుడు చేర్పించండి అంకుల్" అన్నాడు. నామినేషన్ల చివరి గడువు దాటిన తరువాత ఆ ఎన్నికకు పేర్లు చేర్చరు, అది చట్టం. ఆ గడువు అక్టోబరు 21తోనే ముగిసిపోయింది. పూర్వం జనవరి 1 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండితేనే చేర్చేవారు. ఇప్పుడు ఏటా నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడేళ్ళు నిండినవారు ముందుగానే ఫారం 6 ఇవ్వవచ్చు. అవకాశం లేదనడానికి ఇక వీలు లేదు.

అన్నింటికంటె ఎక్కువగా మనకు ఎదురయ్యేది పేర్ల రాత. ఒకే మనిషి ఒక కాగితంలో మహమ్మద్, మరొక దానిలో మొహమ్మద్, వేరొక దానిలో ఎండీ. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనుక. పెళ్ళికి ముందు సుల్తానా, తరువాత బేగం, ఆధార్‌లో బీ. ఉర్దూ నోట పలికిన పేరును ఇంగ్లీషులో రాసి, దాని నుండి తెలుగులోకి దించేసరికి మనిషి మారిపోతాడు. నేను దస్త్రాలలో పనిచేసినవాణ్ణి గనుక చెబుతున్నాను, కాగితానికి మొహమాటం తెలియదు. రెండు అక్షరాలు కలవకపోతే అది ఇద్దరు మనుషులనే అంటుంది.

ఇదేదో చిన్న విషయమనుకోకండి. 2018లో ఆర్థికవేత్త అబూసాలెహ్ షరీఫ్ గారు కర్ణాటక జాబితాలను పరిశీలించి ముస్లిం ఓటర్ల పేర్లు పెద్ద ఎత్తున లేవని చెప్పారు. ఆ వెంటనే మన హైదరాబాదుకు చెందిన ఇంజినీరు ఖాలిద్ సైఫుల్లా గారు లేని పేర్లను వెదికేందుకు ఒక యాప్ తయారుచేశారు. ఇక 2025 జూన్ 24న ఎన్నికల సంఘం దేశమంతటా ప్రత్యేక సమగ్ర సవరణకు ఉత్తర్వు ఇచ్చింది. అది బీహారులో మొదలై, అక్కడి ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఆ పేర్లను, తీసివేసిన కారణాలను బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. సెప్టెంబరు 8న ఆధార్‌ను పన్నెండవ పత్రంగా అంగీకరించమన్నది. నవంబరు నుండి మరి పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో మొదలైంది. ఆ ఉత్తర్వు దేశమంతటికీ గనుక మన వంతు వస్తుంది. అది వచ్చేసరికి భయపడేవారు కొందరు, పుకార్లు పుట్టించేవారు కొందరు ఉంటారు. సిద్ధంగా ఉన్నవాడికి ఈ రెండింటితోనూ పని లేదు. పాత జాబితాలలో మీ పేరు, మీ తల్లిదండ్రుల పేర్లు ఏ భాగంలో, ఏ వరుసలో ఉన్నాయో ఇప్పుడే వెదికి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మీ పేరు తీసివేయమని ఎవరైనా ఫారం 7 ఇచ్చినా, మీకు నోటీసు ఇచ్చి మీ మాట వినకుండా తీసివేయరాదు. తీసివేస్తే పదిహేను రోజులలో జిల్లా ఎన్నికల అధికారి హోదాలో ఉన్న కలెక్టరు స్థాయి అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే ముప్పై రోజులలో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండవ అప్పీలు. ఇవి ఎవరి దయా కాదు, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఇచ్చిన హక్కులు. ఓటు వేయడానికి వెళ్ళేసరికి మీ పేరున మరెవరో వేసిపోయి ఉంటే తిరిగి వచ్చేయకండి. మీరెవరో నిరూపించుకొని టెండర్డ్ ఓటు అడగండి. యంత్రం మీద కాక కాగితం మీద ఓటు ఇస్తారు, ఆ అన్యాయం రికార్డు అవుతుంది.

పేరు ఉన్నవారి సంగతి కూడా చెప్పుకోవాలి. మన నియోజకవర్గంలో ఓటర్లు 4 లక్షలకు పైగా. బరిలో 58 మంది అభ్యర్థులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పదహారు పేర్లే పడతాయి గనుక ప్రతి కేంద్రంలో నాలుగు యూనిట్లు వరుసగా పెట్టారు. ఇంత ఏర్పాటు చేస్తే పోలైనది సుమారు 48.5 శాతం. నవంబరు 14న ఫలితం వచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ గారు 24,729 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆయనకు దాదాపు 99 వేల ఓట్లు వచ్చాయి. ఇల్లు కదలనివారు 2 లక్షల మందికి పైగా. గెలిచిన అభ్యర్థికి పడిన ఓట్లకు రెట్టింపు. గెలుపు ఎవరిదన్నది నాకు ఇక్కడ ముఖ్యం కాదు. జాబితాలో పేరు కోసం అంత పోరాడవలసి వస్తున్న మనం, పేరు ఉండి కూడా ఇంట్లో కూర్చుంటే ఆ పోరాటానికి అర్థమేమిటి?

పోలింగు రోజున మా మనవరాలు గేటు బయటే ఆగింది. చంకబిడ్డను తప్ప పిల్లలను లోపలికి రానివ్వరు. లోపల ఏమి జరుగుతుందో మా ఆవిడ ఆమెకు చెప్పింది. మొదటి పోలింగు అధికారి నీ పేరు అందరికీ వినబడేలా గట్టిగా చదువుతాడు. ఏజెంట్లు తమ జాబితాలో గుర్తు పెట్టుకుంటారు. తరువాత సంతకం, ఎడమ చూపుడు వేలికి సిరా, ఆపై యంత్రం. పేరు గట్టిగా చదివే ఆ పని నేను స్వయంగా చేసినవాణ్ణి. మంత్రి గారి పేరైనా, మున్సిపల్ స్వీపరు పేరైనా అదే గొంతుతో చదవాలి. ప్రభుత్వం మన పేరును గౌరవంగా, అందరి ఎదుటా, బిగ్గరగా పలికే చోట్లు ఈ దేశంలో ఎక్కువ లేవు. మనల్ని ఓటు బ్యాంకు అన్నవారికి ఆ గదిలో మనం ఇవ్వగల జవాబు అదే.

ఆ పిల్ల పేరు 2037లో జాబితాకు ఎక్కుతుంది, ఇన్‌షా అల్లాహ్. దానికి పని నేటి నుండే మొదలు కావాలి. జనన ధ్రువపత్రంలో, బడి రికార్డులో, ఆధార్‌లో పిల్లల పేరు ఒకే విధంగా రాయించండి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే ఆధారం, ఓటు నమోదుకు కూడా. ఆస్పత్రి నుండి ఇంటికి వచ్చిన వారంలోనే ఆ పని చూసుకోండి. అఖీఖాకు ఎంత శ్రద్ధ పెడతామో, పేరు రాయించడంలోనూ అంత శ్రద్ధ పెట్టాలి.

మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. ఏడాదికి నాలుగు నమోదు తేదీలు వస్తున్నాయి. ప్రతి తేదీకి ముందు ఒక జుమా రోజున జాబితా బల్ల మీద పెట్టించండి. చదువుకున్న ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టండి. స్త్రీలకు వేరుగా ఒక సమయం ఇవ్వండి. ఏ పార్టీ వాడినీ దగ్గరకు రానివ్వకండి. ఇందుకు చందా అక్కరలేదు. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోను చేస్తే చాలు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈసారి ఎన్నికలు వచ్చినప్పుడు పిల్లలను ఊరేగింపు చూపించడానికి మాత్రమే బయటికి తీసుకుపోకండి. జాబితా చేతికిచ్చి నాలుగు ఇళ్ళు తిప్పండి. నానీ పేరు, దాదీ పేరు, పక్కింటి హిందూ సోదరుని పేరు, ఎదురింటి క్రైస్తవ సోదరి పేరు ఒకే పుట మీద, ఒకే అక్షరాలలో ఉండడం వాళ్ళ కళ్ళతో చూడనివ్వండి.

సెలవు తీసుకుంటాను. వెనుక బల్ల మీద మన పేట పోలింగు కేంద్రాల జాబితాలు, ఫారం 6, ఫారం 8 కాగితాలు ఉంచాము. చాయ్ తాగే ముందు మీ పేరు చూసుకోండి. చదవలేనివారికి మన పిల్లలు చదివి పెడతారు.

వస్సలామ్.